అవిభాజ్యుడు వేదాద్రి

"అభాగ్యుడా? నా కొడుకుని పట్టుకుని అభాగ్యుడంటావా? నీ నోట్లో మన్నుబడ!"

కాకినాడ బీచి రోడ్డులో ఉన్న స్మృతి సంధాన కేంద్రం వరండాలో కోరుకొండ మంగతాయారు గారు వేసిన కేకకి చూరు మీది పావురాలు లేచిపోయాయి. ఎదురుగా నిలబడ్డ పలివెల సూరిబాబు చేతిలోని టీ సగం గ్లాసులోనూ, సగం చొక్కా మీదా సర్దుకుంది. కేంద్రంలో యంత్రాలు నడిపేది ఆయనే. నలభై దాటిన మనిషి, ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరగడు. ఆ గట్టిగా మాట్లాడకపోవడమే ఇప్పుడు కొంప ముంచింది.

"అయ్యయ్యో, అభాగ్యుడు కాదండీ పిన్నిగారూ. అవిభాజ్యుడండి. అ... వి... భా... జ్యు... డు."

"ఏవిటీ తేడా?"

"మీ అబ్బాయిగారి సంఖ్య దేంతోనూ భాగారం పోవట్లేదండి. బళ్ళో ప్రధాన సంఖ్యలని చెప్పేవారు చూడండి, రెండూ మూడూ అయిదూ ఏడూ... ఆ జాతండి. ఒకటితోనూ, తనతోనూ తప్ప ఇంకెవరితోనూ పొత్తు కుదరదండి దానికి."

"చిన్నప్పట్నించీ వాడంతే" అన్నారు మంగతాయారు గారు, కోపం ఒక మెట్టు దిగి. "అయితే గొప్పేగా?"

సూరిబాబు నేలచూపులు చూశాడు. జవాబు చెప్పాల్సిన మనిషి వరండా చివర కిటికీ ఊచలు పట్టుకుని నిలబడి ఉంది. పేరు హైమవతి. ఆ కేంద్రంలో లెక్కల విభాగానికి పెద్ద, మంగతాయారు గారికి కోడలు, లోపల మంచం మీద తలకి కట్టుతో పడుకున్న వేదాద్రికి భార్య. మూడు పదవులూ కలిసి ఒకే మనిషి మీద పడ్డ రోజది.

"గొప్పే అత్తయ్యగారూ" అంది హైమవతి. "అంత గొప్ప కాబట్టే ఆయన తిరిగి రారు."

మంగతాయారు గారి చెవి విన్న మాట తప్పు. ఆ మాటకున్న అర్థం మాత్రం తప్పు కాకుండా పోయింది.

*

వేదాద్రి బోర్డులు రాసేవాడు. ఊరంతా ఫ్లెక్సీలకి ఎగబడ్డాక కూడా అతని కుంచెకి పని తగ్గలేదు. ఎందుకంటే దుకాణాల వాళ్ళు అతని దగ్గర కొనుక్కునేది రంగు కాదు, మాట. సైకిల్ షాపు మీద "మేం గాలి మాటలు చెప్పం, గాలి కొడతాం" అని రాశాడు. దర్జీ కొట్టు మీద "ఇక్కడ కుట్రలు లేవు, కుట్లే". పళ్ళ డాక్టరుకి "పన్ను పీకబడును, పన్ను కట్టబడును" అని రాసిచ్చాడు. అది చూసి మునిసిపాలిటీ వాళ్ళు మా పని నువ్వు చేస్తున్నావేమిటని డాక్టర్ని సరదాగా నిలదీశారు. మంగలి సత్తిరాజు షాపు మీదిదైతే ఊళ్ళో పిల్లలకి కూడా నోటికొచ్చు: "మీరు తలపెట్టండి, మేం పని పూర్తి చేస్తాం."

ఇంట్లోనూ అదే వరస. ఉప్మాలో ఉప్పు తక్కువైతే "ఉప్పు మాయం కాబట్టే ఉప్మా" అనేవాడు. హైమవతి నవ్వేది కాదు. నవ్వితే ఇంకోటి వేస్తాడు. పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆవిడ పెదవులు బిగబట్టి, వంటింట్లోకి వెళ్ళి, డబ్బాలు సర్దుతున్న వంకతో నవ్వుకునేది. అతనికి ఆ సంగతి తెలుసు. డబ్బాల చప్పుడు ఎంత ఎక్కువ వినపడితే జోకు అంత బాగా పేలినట్టు.

అలాంటి మనిషికి మెదడులో గడ్డ లేచింది. లేచింది కూడా సరిగ్గా మాటలుండే పేటలో. గడ్డ తీస్తే బతుకుతాడన్నారు డాక్టర్లు. ఎవరు బతుకుతారో మాత్రం చెప్పలేమన్నారు. కత్తి వెళ్ళిన దారిలో జ్ఞాపకాలు, ఇష్టాలు, వెటకారాలు అన్నీ తుడిచిపెట్టుకు పోతాయి.

అలాంటి వాళ్ళ కోసమే ఈ కేంద్రం. ఆపరేషన్‌కి ముందు రోగి తలకి తీగల టోపీ పెట్టి, పాటలు వినిపించి, వాసనలు చూపించి, నవ్వించి, ఏడిపించి, ఆ మనిషి మొత్తాన్ని ఒకే ఒక్క సంఖ్యగా రాస్తుంది యంత్రం. ఎంత పెద్ద సంఖ్య అంటే, సామర్లకోటలో రైలెక్కి చదవడం మొదలుపెడితే విజయవాడలో దిగేటప్పటికి పదో వంతు కూడా అవదు. ఆపరేషన్ అయ్యాక మెదడు కొన్నాళ్ళు, అప్పుడే పూత పూసిన గోడలా పచ్చిగా ఉంటుంది. గోడ పచ్చిగా ఉండగానే రంగు వేస్తే లోపలికి ఇంకిపోతుంది. అయితే మొత్తం సంఖ్యని ఒక్కసారిగా కుమ్మరిస్తే మెదడు తట్టుకోదు. దాన్ని చిన్న చిన్న సంఖ్యలుగా, ఒకదాన్నొకటి గుణిస్తే మళ్ళీ మొత్తం వచ్చే ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కటీ ఎక్కించాలి. లోపల మెదడు వాటిని తనే గుణించుకుని మనిషిని నిలబెట్టుకుంటుంది.

మనిషి సంఖ్య ఏదైనా సరే, ఎప్పుడూ చిన్న ముక్కలుగానే విడిపోతుందని కనిపెట్టింది హైమవతే. ఎందుకలా విడిపోతుందో ఆవిడకీ తెలియదు. మనుషులందరూ చిన్న చిన్న వాటితోనే తయారవుతారు కాబోలు అనుకుని ఊరుకుంది.

టోపీ పెట్టిన రోజు వేదాద్రి ఊరుకున్నాడా? "ఇన్నాళ్ళూ ఊరికి నేను పెట్టాను. ఇవాళ నాకే టోపీ పెట్టారు" అన్నాడు. తర్వాత పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని, "నన్ను ముక్కలు చేసి తినిపిస్తావటగా నాకే?" అని అడిగాడు.

"భాగాహారం అంటారు దాన్ని" అంది హైమవతి.

"భాగాల ఆహారం! పేరు పెట్టినవాడెవడో గానీ తిండిపోతు అయ్యుండాలి. సరే లెక్కల రాక్షసీ, నన్ను భాగిస్తే శేషం ఎంత?"

"సున్నా. ఏం మిగలదు."

"మరి నా శేష జీవితం?"

ఆవిడ పెదవులు బిగబట్టింది. అక్కడ సర్దుకోడానికి డబ్బాలు లేవు. "అది నాతో" అంది, అంతే.

సంఖ్య పూర్తయ్యాక మంగతాయారు గారు ముందుకొచ్చి, తెరకి బొట్టు పెట్టి, అక్షింతలు వేసి దీవించారు. మర్నాడు ఆపరేషన్. గడ్డ పోయింది. తర్వాత సూరిబాబు సంఖ్యని విడదీయబోతే అది విడిపోలేదు.

*

"పోనీ దాని పక్క నంబరు చూడరాదుటే?" అన్నారు మంగతాయారు గారు, ఆ వరండాలోనే, కళ్ళు తుడుచుకున్నాక. "ఇటుపక్కదో అటుపక్కదో. పక్కపక్కవే కదా, అన్నదమ్ముల్లా పోలికలుండవూ?"

"అంకెల్లో అలా ఉండదత్తయ్యగారూ. పక్కపక్క సంఖ్యల్ని విడదీస్తే ఒకదాంట్లో వచ్చిన ముక్క రెండోదాంట్లో రాదు. ఒకటి తప్ప ఉమ్మడి ఆస్తే లేదు వాటికి. మధ్యలో గోడ ఒకటే గానీ చుట్టరికం లేదు. పక్క సంఖ్య ఎక్కిస్తే లేచేది మీ అబ్బాయి కాదు, పక్కింటాయన."

"ఎవరో ఒకరు లేస్తారుగా!"

"వద్దు" అంది హైమవతి. ఆ మాట ఎంత గట్టిగా అందంటే మంగతాయారు గారు మళ్ళీ అడగలేదు.

సూరిబాబు మాత్రం మెల్లిగా దగ్గరికొచ్చాడు. "మేడం గారండీ, ఇంతమందిని చూశాం. ఒక్కళ్ళూ అవిభాజ్యం అవ్వలేదు కదండీ. మీ సూత్రం ప్రకారం అవ్వకూడదు కూడానండి. ఇంకోసారి చూద్దామా?"

ఇంకోసారి చూశారు. ఆ తర్వాత మరోసారి కూడా. సంఖ్యని ఏ వైపు నుంచి తట్టినా రాయిలా అదే చప్పుడు. యంత్రం తప్పు లేదు, విడదీసే పద్ధతి తప్పు లేదు. అప్పుడు హైమవతి తన సూత్రాన్నే అనుమానించింది. సంఖ్యని అనుమానించలేదు. ఎందుకు అనుమానిస్తుంది? ఊళ్ళో అందరూ చిన్న ముక్కలతో అయిన మనుషులు కావచ్చు. వేదాద్రి కాడు. అలాంటి మనిషి ఇంకొకడు లేడని పెళ్ళయిన వారానికే ఆవిడకి తెలుసు. ఇప్పుడు యంత్రం కూడా అదే అంటోంది. ఏడుపులో కూడా ఒక మూల ఆవిడకి గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఆవిడ కళ్ళకి అడ్డు నిలబడింది.

గోడ ఆరిపోయే లోపల, డాక్టర్లని ఒప్పించి, మొత్తం సంఖ్యని ఒకే ముద్దగా ఎక్కించి చూశారు. వేదాద్రి ఒళ్ళు విల్లులా వంగింది. పళ్ళు పటపటలాడాయి. డాక్టరు గబుక్కున తీగ లాగేశాడు. మళ్ళీ ఎవరూ ఆ ఊసెత్తలేదు. ఇంకో వారానికి గోడ ఆరింది.

*

ఇంటికొచ్చిన మనిషి చాలా మంచివాడు. తిన్న కంచం తనే తీస్తాడు. తుమ్మితే క్షమించమంటాడు. హైమవతిని "మీరు" అంటాడు. ఇదివరకటి వేదాద్రి ఆవిణ్ణి రాక్షసి అన్నప్పుడు రాని కన్నీళ్ళు, ఈయన "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారాండీ" అన్నప్పుడు వచ్చేవి.

మాటలు మళ్ళీ నేర్చుకున్నాడు, చదవడమూ వచ్చింది. సాయంత్రాలు ఆవిడ అతన్ని బజారుకి తీసుకెళ్ళేది. తను రాసిన బోర్డుల కిందే నడిచేవాడు. కూడబలుక్కుంటూ చదివేవాడు. సత్తిరాజు షాపు ముందు ఒకరోజు ఆగి, "మీరు... తల... పెట్టండి" అని చదివి, లోపలికెళ్ళి అడిగాడు:

"ఏ పని తలపెట్టాలండీ?"

సత్తిరాజు కత్తెర అలాగే ఉండిపోయింది. "మీరే కదా బావగారూ రాసింది! నేను క్షవరం రేట్లు రాయమంటే ఇది రాసిచ్చి, వారం రోజులు ఉచితంగా గడ్డం గీయించుకున్నారు!"

"నేనాండీ?" అన్నాడు వేదాద్రి. మళ్ళీ బోర్డు కేసి చూశాడు. "దస్తూరీ బావుందండి."

బయటికొచ్చాక హైమవతి గబగబా నడిచింది. అతను వెనకాలే పరిగెత్తుకొచ్చి, "నేనేమైనా తప్పుగా అన్నానాండీ?" అని దారి పొడుగునా అడుగుతూనే ఉన్నాడు.

ఇటు కొడుకు చిన్నవాడైపోతూ ఉంటే, అటు కొడుకు సంఖ్య పెద్దదైపోయింది. పేపర్లలో వచ్చింది. దేశదేశాల లెక్కల వాళ్ళు దాని గుణగణాలు తవ్వారు. తిరగేసి చూశారు, దాని మీద వ్యాసాలు రాశారు. మనిషి నుంచి పుట్టిన ఏకైక అవిభాజ్య సంఖ్య అని "వేదాద్రి సంఖ్య" అని నామకరణం చేశారు. మంగతాయారు గారికి అదే మందయింది. బస్సులో పక్క సీటావిడకి, కూరగాయల బండివాడికి, ఫోను తప్పు నంబరుకి చేసినవాడిక్కూడా చెప్పేవారు: "మావాణ్ణి ఏ అంకే భాగించలేకపోయిందట నాయనా! భగవంతుడు వాణ్ణి ఒక్క ముక్కగా చేశాట్ట." ఆ మాట చెప్పిన పూట ఆవిడ అన్నం సరిగా తినేవారు. చెప్పని పూట కెలికి లేచిపోయేవారు. హైమవతి గమనించి, పూటపూటా వీధిలో ఎవరో ఒకర్ని ఇంటికి పిలిచేది.

కేంద్రం డైరెక్టరు గొల్లకోట గారు సభ పెట్టిస్తానన్నారు. ఆదివారం పొద్దున్న, కేంద్రం హాల్లోనే. వేదాద్రి సంఖ్య మొదటి వరసా, చివరి వరసా చెక్కిన ఇత్తడి ఫలకం గోడకెక్కుతుంది. ఆ వేదిక మీదే ఇంకో ప్రకటన కూడా చేస్తామన్నారు. ఇకమీదట ఎవరి సంఖ్యైనా అవిభాజ్యమని తేలితే, ఆ రోగికి ఆపరేషన్ చెయ్యరాదని కొత్త నిబంధన. బతికించి మనిషిని పోగొట్టడం కన్నా పోనివ్వడమే నయమని ఆయన ఉద్దేశం.

*

సభకి రెండ్రోజుల ముందు ఉప్పాడ నుంచి ఒక నేతకారు కుటుంబం వచ్చింది. కోడలికి వేదాద్రికి వచ్చిన గడ్డే. టోపీ పెట్టారు, సంఖ్య వచ్చింది. ఆ అమ్మాయి మామగారు అప్పలస్వామి తెర దగ్గరికి వంగి, చివరి అంకె చూసి నొచ్చుకున్నాడు.

"సున్నాతో ఆగిందేంటండీ?"

మన వైపు అందరికీ ఉన్న పట్టింపే అది. పెళ్ళిలో నూటపదహార్లు చదివిస్తాం గానీ వంద చేత్తో పట్టుకోం. సున్నా మీద ఆపితే అక్కడితో ఆగిపోతుందని బెంగ. ఒకటి పడితే ముందుకెళ్తుందని ధైర్యం. అంచేత కేంద్రంలో ఒక పద్ధతి పెట్టారు. సంఖ్య సున్నాతో ముగిస్తే ఇంటి పెద్ద మీట నొక్కి ఒకటి కలపొచ్చు. తృప్తి వాళ్ళది. వాళ్ళు వెళ్ళాక కింద యంత్రం దగ్గర ఆ ఒకటి తీసేసి, అసలు సంఖ్యనే విడదీస్తారు. పది మందిలో ఒకరికి వచ్చే వ్యవహారం, పెద్ద పనేం కాదు.

అప్పలస్వామి కోడలి నుదుట చెయ్యి వేసి, ఒకటి కలిపి, దణ్ణం పెట్టుకున్నాడు. హైమవతి అప్పుడు ఆ గదిలోనే ఉంది. సూరిబాబు తలుపు దగ్గరికొచ్చి అడిగాడు:

"మేడం గారండీ, పెద్దాయన ఒకటి వేశారాండీ? తీసెయ్యమంటారా?"

"అడుగుతావేంటి? ఎప్పుడూ తీస్తావుగా."

"ఆయ్, పైన గదిలో ఉన్న మన మనిషి చెప్తేనే తీస్తానండి. చెప్పకపోతే వెయ్యనట్టే కదండీ. చూడకుండా తీసేస్తే అసలు సంఖ్యలోంచే ఒకటి పోద్ది."

హైమవతి చెయ్యి కుర్చీ మీద ఆనింది. "మరి మావారిది?"

"మీవారిదేంటండీ?"

"మా అత్తగారు వేశారు. సున్నా వచ్చింది. బొట్టు పెట్టి, ఒకటి వేసి, అక్షింతలు..."

"నాకెవరూ చెప్పలేదండి. మీరు గదిలో ఉన్నారు కదండీ. మీరుండగా ఇలాంటివి వెయ్యనిస్తారా అనుకున్నానండి. మీరు లెక్కల మనిషి కదండీ..."

వేదాద్రికి టోపీ పెట్టిన రోజు, భర్త సంఖ్య భార్య ముట్టుకోకూడదని డైరెక్టరు గారు హైమవతిని పనిలోంచి తప్పించారు. ఆవిడా సరేనంది. ఆవిడ పైన ఉంది కదా అని ఇంకెవర్నీ వెయ్యలేదు. చెప్పే మనిషి వేరే ఉన్నారని ఆవిడ అనుకుంది, చెప్పాల్సింది లేదని సూరిబాబు అనుకున్నాడు. ఆ పూట ఆ గదిలో లెక్కల పెద్ద లేదు, పెళ్ళాం ఉంది. పెళ్ళాం కళ్ళు తెర మీద లేవు. మనిషి మీద ఉన్నాయి.

ఇద్దరూ కిందికి దిగారు. వేదాద్రి సంఖ్యలోంచి ఒకటి తీసి యంత్రానికిచ్చారు. సూరిబాబు మీట నొక్కి చెయ్యి తీసేలోగా రెండు ఊడి పడింది. ఆ వెనకే అయిదు, మళ్ళీ రెండు, పదమూడు... దానిమ్మపండు ఒలిచినట్టు గింజలు గింజలుగా విడిపోయాడు వేదాద్రి. ఇంత సుళువుగా విడిపోయిన మనిషి కేంద్రంలో ఇదివరకు లేడు. ఏ ముక్కా పెద్దది కాదు. పసిపిల్లాడి నోటికైనా పట్టే ముద్దలు.

హైమవతి సూత్రం తప్పు కాదు. వేదాద్రీ అందరిలాంటి మనిషే. అది చూస్తూ చూస్తూ ఆవిడకి, అందరిలాంటి మనిషైనందుకు మొగుడి మీద మళ్ళీ ప్రేమ పుట్టుకొచ్చింది.

"నన్ను తిట్టండి మేడం గారూ" అన్నాడు సూరిబాబు, గోడకి ఆనుకుని. "నాలుగు దెబ్బలెయ్యండి. అంతేగానీ ఊరుకోకండి."

"పక్క నంబరు చూడమంది మా అత్తగారు" అంది హైమవతి. "గోడ పచ్చిగా ఉండగానే అడిగింది. వద్దన్నాను. పక్కింటాయన లేస్తాడన్నాను. పక్కింట్లో ఉన్నది ఈయనే సూరిబాబూ. మేమే మనిషిని తప్పింట్లో పెట్టి తలుపులు బాదాం."

సూరిబాబు, "ఆదివారం ఈ సంగతి చెప్పకండి మేడం" అన్నాడు. "నా ఉద్యోగం కోసం కాదండి, అది పోతే పోనివ్వండి. పిన్నిగారు తట్టుకోరండి. దీవించిన చెయ్యే... ఆవిడకి మిగిలింది ఆ గొప్పొక్కటేనండి."

హైమవతికీ అదే భయం. అత్తగారి కంచంలో రెండు ముద్దలు తగ్గకుండా ఇన్నాళ్ళూ కాపాడింది ఈ అబద్ధమే. అబద్ధమని తెలియనప్పుడు దాన్ని మోయడం తేలిక. కానీ ఆదివారం ఆ ఫలకం పక్కన ఆ నిబంధన కూడా గోడకెక్కుతుంది. రేపు ఇంకో అప్పలస్వామి ఒకటి వేస్తాడు. ఇంకో సూరిబాబుకి ఎవరూ చెప్పరు. అవిభాజ్యమని తేలుతుంది. ఆపరేషనే చెయ్యకుండా ఇంటికి పంపేస్తారు. నేతకారు కోడలో, ఇంకో ఇంటి పిల్లో, ఒక దీవెనకి చచ్చిపోతుంది.

"ముందు ఆ ఉప్పాడ అమ్మాయి సంఖ్యలోంచి ఒకటి తీసెయ్" అంది లేస్తూ. "నా ఎదురుగా తియ్."

*

ఆదివారం హాలు నిండింది. మంగతాయారు గారు ఎర్రంచు పట్టుచీర కట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. పక్కన ఇస్త్రీ చొక్కాలో వేదాద్రి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా. ఆ పక్క కుర్చీ హైమవతిది, ఖాళీగా ఉంది. వెనక సత్తిరాజు, సైకిల్ షాపు వాళ్ళు, పళ్ళ డాక్టరు. ఫలకం మీద పూలదండ.

హైమవతి మైకు ముందుకొచ్చి, నమస్కారం చేసి, ఎక్కడా ఆగకుండా చెప్పేసింది. సున్నా మీద ఒకటి పడింది. పడిన ఒకటిని తియ్యలేదు. అసలు సంఖ్య ఇదిగో, ఇన్ని చిన్న ముక్కలు. ఫలకం మీదున్నది వేదాద్రి కాదు. వేదాద్రి పక్కన పుట్టిన, ఎవరికీ చెందని ఒక సంఖ్య. మనుషుల్లో అవిభాజ్యులు లేరు, ఎవరికైనా అలా వస్తే అది మనం చేసిన పొరపాటు. అంచేత ఆ నిబంధన పెట్టకూడదు.

డైరెక్టరు గొల్లకోట గారు చేతిలో కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మంగతాయారు గారు కుర్చీ చెయ్యి పట్టుకుని మెల్లిగా లేచారు.

"ఆ ఒకటి వేసింది నేనే కదుటే హైమా?"

"తియ్యాల్సింది నేను అత్తయ్యగారూ."

"అది కాదు నేనడిగింది."

"...మీరే."

"పక్క నంబరు చూడమని అడిగాను."

"అడిగారు."

"నువ్వు వద్దన్నావు."

"అన్నాను."

"ఇప్పుడు ఎక్కిస్తే?"

"గోడ ఆరిపోయింది అత్తయ్యగారూ. ఇంక ఇంకదు."

ఆవిడ నిలబడ్డట్టే ఉండి, కుడిచేతిని ఎత్తి చూసుకున్నారు. ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించినట్టు చూసుకున్నారు. దాన్ని కొంగు కింద దాచుకుని కూర్చున్నారు. హైమవతి వేదిక దిగి వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర నిలబడింది. ఏం చెయ్యాలో తెలియలేదు. పట్టుకోబోతే ఆవిడ పట్టుకోనివ్వలేదు. వెళ్ళిపొమ్మనీ అనలేదు.

వేదాద్రి అంతా శ్రద్ధగా విన్నాడు. అర్థమైనంత మేర అర్థమైంది. కళ్ళు తడిగా ఉన్నాయి. కొంచెం వంగి, ఎవరికీ వినపడకూడదన్నట్టు హైమవతిని అడిగాడు:

"పాపం, ఆయన వచ్చేవారేనాండీ?"

"వచ్చేవారండి."

"చాలా దగ్గరిదాకా వచ్చినట్టున్నారు." అతను జేబురుమాలు తీసి ముందు మంగతాయారు గారికిచ్చాడు. "ఆయన మీకేమవుతారండీ?"

హైమవతి పెదవులు బిగబట్టింది. విడిపోయాయి.

"మావారండి" అంది.

వేదాద్రి గబుక్కున లేచి నిలబడ్డాడు. ఇద్దరాడవాళ్ళనీ మార్చి మార్చి చూసి, పెద్దావిడ పక్కనున్న తన కుర్చీని చేత్తో తుడిచి, హైమవతికి చూపించాడు.

"మీరు ఆవిడ పక్కన కూర్చోండి" అన్నాడు. "నేను అవతలికి జరుగుతాను."